గిఫ్ట్‌ కార్డుకు గడువు తీరితే సొమ్ము ఎవరిది?

పెళ్లిలో చదివింపుల కవరు తెరిస్తే ఒకప్పుడు నూటపదహార్లు కనిపించేవి. ఇప్పుడు వాటి పక్కనే ప్లాస్టిక్‌ గిఫ్ట్‌ కార్డులు, బట్టల దుకాణాల వోచర్లు చేరాయి. దీపావళికి సంస్థలు ఉద్యోగులకు మిఠాయి డబ్బాతో పాటు ఒక కార్డునూ చేతిలో పెడుతున్నాయి. దూరాన ఉన్న పిల్లలు తల్లిదండ్రుల పుట్టినరోజుకు సెల్‌ఫోన్‌కే అంకెల సంకేతం పంపుతున్నారు. ఇచ్చేవారికి ఇది సులువైన మార్గం. చిక్కంతా పుచ్చుకున్నవారికే. బీరువాలో పట్టుచీరల కింద దాచిన కార్డు ఏడాదిన్నర తరువాత బయటపడుతుంది. దుకాణానికి తీసుకెళితే కౌంటరులోని గుమస్తా దానిని యంత్రంలో గీసి, 'గడువు అయిపోయింది' అంటూ తిరిగి చేతికిస్తాడు. కార్డు కొన్ననాడు చెల్లించిన రూపాయలు ఎప్పుడో ఆ సంస్థ ఖాతాలో చేరాయి. వాటికి బదులుగా ఇచ్చిన కార్డు మాత్రం చెల్లని కాగితమైంది. మరి ఆ సొమ్ము ఎవరిదైనట్లు?

ఈ ప్రశ్నకు మన దేశంలో ఒకే సమాధానం లేదు. చూడటానికి కవల పిల్లల్లా ఉండే రెండు కార్డులకు రెండు వేర్వేరు చట్టాలు వర్తిస్తాయి. ఒకదానిలో గడువు తీరినా సొమ్ము కార్డుదారుదే. రెండోదానిలో ఆ భరోసా ముందుగా రాసిపెట్టి లేదు. వినియోగదారుల కమిషన్‌ ఎదుట వాదించి సాధించుకోవాలి. చేతిలో ఉన్నది ఏ రకమో తెలియక తమకు హక్కుగా రావలసిన సొమ్మును సైతం వదులుకుంటున్నవారు ఎందరో.

కార్డు వెనుక ఏముంది?

తేడా తెలుసుకోవడానికి న్యాయశాస్త్రం చదవనక్కరలేదు. కార్డును వెనక్కి తిప్పి, జారీ చేసినది ఎవరో చూస్తే చాలు. ఏదైనా బ్యాంకు పేరు గాని, చెల్లింపు సాధనాలు జారీ చేసేందుకు రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన కంపెనీ పేరు గాని ఉంటే అది మొదటి రకం. అనేక దుకాణాల్లో, అనేక వెబ్‌సైట్లలో చెల్లే కార్డులన్నీ ఈ కోవలోకే వస్తాయి. వీటిని చట్టం 'ముందస్తు చెల్లింపు సాధనాలు' అంటుంది. 2007 నాటి చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం కింద రిజర్వు బ్యాంకు వీటిని నియంత్రిస్తుంది. అనుమతి పొందిన సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది.

ఇక ఒక దుకాణమో, ఒక హోటలో, ఒక నగల వర్తకుడో తన వద్ద మాత్రమే సరకు కొనేందుకు స్వయంగా జారీ చేసే కార్డు రెండో రకం. దీనితో ఇంకెక్కడా ఏదీ కొనలేరు, నగదూ తీసుకోలేరు. ఇటువంటి వాటిని రిజర్వు బ్యాంకు 'మూసివున్న వ్యవస్థ' సాధనాలుగా వర్గీకరించి, ఇవి చెల్లింపు వ్యవస్థ కిందకు రావు కాబట్టి తన నియంత్రణ వీటికి ఉండదని స్పష్టం చేసింది. కాగితపు వోచర్‌ అయితే అది దాదాపుగా ఈ రెండో రకమే అనుకోవచ్చు. ఎందుకంటే తన నియంత్రణలోని సాధనాలను కాగితం రూపంలో జారీ చేయరాదని రిజర్వు బ్యాంకు నిషేధించింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కార్డు ముందువైపు ప్రముఖ దుకాణం పేరు, చిహ్నం పెద్దగా అచ్చయి ఉన్నా, జారీదారు మాత్రం మరో కంపెనీ కావచ్చు. వెనుక చిన్న అక్షరాల్లో ఉండే ఆ ఒక్క వాక్యమే వినియోగదారుడి హక్కును నిర్ణయిస్తుంది. ఆ అక్షరాలు అంత చిన్నవిగా ఎందుకుంటాయో వేరే చెప్పనక్కరలేదు.

గడువు తీరినా వాపసు

మొదటి రకం కార్డులకు సంబంధించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 27న ప్రధాన ఆదేశాలు జారీ చేసింది. గిఫ్ట్‌ కార్డు విలువ 10,000 రూపాయలకు మించరాదు. ఒకసారి సొమ్ము నింపిన తరువాత మళ్లీ నింపడానికి వీలు లేదు. దాని నుంచి నగదు తీసుకోవడం, మరొకరి ఖాతాకు మళ్లించడం కుదరదు. అయితే కార్డుదారు సమ్మతిస్తే సొమ్మును అది వచ్చిన మూల ఖాతాకు తిప్పి పంపవచ్చు. కొన్నవారి వివరాలను జారీ చేసే సంస్థ సేకరించి ఉంచుకోవాలి.

గడువు విషయంలో ఈ ఆదేశాలు మరింత నిర్దిష్టంగా ఉన్నాయి. సాధనం కనీసం ఏడాది పాటు చెల్లాలి. గడువు ఎప్పుడు తీరుతుందో జారీ చేసేటప్పుడే స్పష్టంగా తెలపాలి. గడువుకు ముందున్న 45 రోజుల వ్యవధిలో ఎస్‌ఎంఎస్‌ ద్వారానో, ఈమెయిల్‌ ద్వారానో కార్డుదారును తగిన విరామాలతో హెచ్చరించాలి. ఆ హెచ్చరిక కూడా కార్డు తీసుకున్నప్పుడు కోరుకున్న భాషలో ఉండాలి. షరతులను సులభమైన భాషలో, ప్రాధాన్యంగా ఇంగ్లిషు, హిందీలతో పాటు స్థానిక భాషలో తెలియజేయాలని కూడా ఆదేశాలు చెబుతున్నాయి. తెలుగులో షరతుల పత్రం అడగడం దబాయింపు కాదు, నిబంధన ఆశించినదే.

అన్నిటికంటే ముఖ్యమైనది గడువు తీరిన తరువాతి సంగతి. కార్డు తీసుకున్న వ్యక్తి అడిగితే గిఫ్ట్‌ కార్డు గడువును పొడిగించవచ్చు. పాతదానికి బదులు కొత్తది ఇవ్వడం ద్వారానైనా ఆ పని చేయవచ్చు. గడువు తీరిన నాడు గాని, ఆ తరువాత ఎప్పుడైనా గాని మిగిలిన సొమ్ము తిరిగి ఇవ్వమని కార్డుదారు కోరితే దానిని బ్యాంకు ఖాతాలో చెల్లించాలి. పైగా గడువు తీరిన తేదీ నుంచి కనీసం మూడేళ్ల పాటు ఆ సొమ్మును కంపెనీ తన లాభనష్టాల ఖాతాలో కలుపుకోరాదు.

ఉదాహరణకు 5,000 రూపాయల కార్డులో 3,200 ఖర్చయి, 1,800 మిగిలి ఉండగా గడువు తీరిందనుకుందాం. దుకాణం కౌంటరులో ఆ కార్డు పనిచేయదు. గుమస్తా చెప్పినది ఆ మేరకు నిజమే. కాని 1,800 రూపాయలు పోయినట్లు కాదు. దుకాణంతో వాదించకుండా జారీ చేసిన కంపెనీకి రాతపూర్వకంగా, కార్డు సంఖ్య, బ్యాంకు ఖాతా వివరాలు జతచేసి వాపసు కోరాలి. కౌంటరులో కూర్చున్నవారికి ఈ నిబంధన తెలియకపోవచ్చు. వారు చెప్పిందే తుదిమాట అనుకుని కార్డును చెత్తబుట్టలో వేయడంతోనే అసలు నష్టం జరుగుతోంది. మూడేళ్ల నియమం కంపెనీ పద్దులకు సంబంధించినదే అయినా, ఆలోగా అడిగితే పని సులువవుతుంది.

ఈ కార్డులకు ఇంకో రక్షణ కూడా ఉంది. బ్యాంకు కాని సంస్థ కార్డులు జారీ చేస్తే, ప్రజల నుంచి వసూలైన సొమ్ములో ఇంకా ఖర్చు కాని మొత్తాన్ని షెడ్యూల్డు వాణిజ్య బ్యాంకులో ప్రత్యేక ఎస్క్రో ఖాతాలో ఉంచాలి. దానిని సొంత అవసరాలకు వాడుకోవడానికి వీల్లేదు. కంపెనీ ఇబ్బందుల్లో పడినా కార్డుదారుల సొమ్ము విడిగా ఉండాలన్నదే దీని ఉద్దేశం.

సొంత వోచర్ల సంగతి

దుకాణం సొంతంగా ఇచ్చే వోచర్లకు ఈ రక్షణలేవీ వర్తించవు. ఏడాది కనీస గడువు లేదు, 45 రోజుల హెచ్చరిక లేదు, ఎస్క్రో ఖాతా లేదు. మూడు నెలల గడువు వేసినా, ఆరు నెలలు వేసినా నేరుగా అడ్డుచెప్పే ప్రత్యేక నిబంధన లేదు. జిల్లా పట్టణాల్లో వస్త్ర దుకాణాలు, నగల దుకాణాలు, బ్యూటీ పార్లర్లు ఇచ్చే వోచర్లలో ఎక్కువ భాగం ఇటువంటివే కావడం గమనార్హం. రక్షణ ఎక్కువ అవసరమైన చోటనే నిబంధన పలుచగా ఉంది.

అంతమాత్రాన వినియోగదారుడు నిస్సహాయుడు కాడు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ఇక్కడ అక్కరకు వస్తుంది. తొలుత వచ్చే సందేహం ఒకటే. వోచర్‌ కొన్నది మేనమామ, వాడబోయింది మేనకోడలు. రూపాయి చెల్లించని ఆమె ఫిర్యాదు చేయవచ్చా? చేయవచ్చు. సొమ్ము చెల్లించి కొన్నవారితో పాటు, వారి అనుమతితో ఆ వస్తువును వాడుకునేవారు, ఆ సేవ వల్ల లబ్ధి పొందేవారు కూడా వినియోగదారులేనని చట్టంలోని రెండో సెక్షన్‌ నిర్వచించింది. 'మీరు కొనలేదు కదా, కొన్నవారిని రమ్మనండి' అన్న మాట చట్టం ముందు నిలవదు. కొన్న రసీదు దొరికితే మాత్రం ఫిర్యాదుకు బలం పెరుగుతుంది. సంస్థలు టోకున కొని ఉద్యోగులకు పంచిన వోచర్ల విషయంలో 'వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవి' అన్న వాదన ఎదురుకావచ్చు. ఉద్యోగి వాటిని సొంత అవసరానికే వాడుకుంటున్నాడన్న సంగతిని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయడం మంచిది.

వోచర్‌కు గడువు వేయడమే తప్పని చట్టం చెప్పలేదు. ఆ గడువును సొమ్ము తీసుకునే ముందు చెప్పారా, అది న్యాయసమ్మతమైన వ్యవధేనా, ఆ వ్యవధిలో వాడుకునే అవకాశం నిజంగా ఇచ్చారా అన్నవే కీలకమైన ప్రశ్నలు. వినియోగదారునికి అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా తొక్కిపెట్టడం సేవా లోపమవుతుంది. అమ్మేటప్పుడు 'ఎప్పుడైనా వాడుకోవచ్చు' అని చెప్పి, తరువాత వెనుకనున్న చిన్న అక్షరాలు చూపితే అది అనుచిత వాణిజ్య విధానం కిందకు వస్తుంది. పండుగ రోజుల్లో చెల్లదు, డిస్కౌంటు ఉన్న సరకుపై చెల్లదు, ఆదివారం చెల్లదు అంటూ ఒక్కొక్కటిగా మినహాయింపులు పెట్టుకుంటూ పోతే వోచర్‌లో మిగిలేది రంగు కాగితమే.

ఇందులో ఇంకొక సూక్ష్మం ఉంది. వినియోగదారునికి నష్టం కలిగించే అసమంజసమైన షరతు విధించడాన్ని 2019 చట్టం 'అనుచిత ఒప్పందం' అంటుంది. అటువంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు మాత్రమే ఉంది. జిల్లా కమిషన్‌కు లేదు. రెండు వేల రూపాయల వోచర్‌ కోసం రాష్ట్ర రాజధాని దాకా ఎవరు తిరుగుతారు? అందుచేత ఫిర్యాదును సేవా లోపంగా, అనుచిత వాణిజ్య విధానంగా మలిచి జిల్లా కమిషన్‌లోనే వేయడం ఆచరణలో అనువైన మార్గం. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ ఒక్క మాట ఎంపికతో నెలల కాలం ఆదా అవుతుంది.

మిగిలిన చిల్లర

రెండు వేల వోచర్‌తో 1,740 రూపాయల చీర కొంటే మిగిలిన 260 సంగతేమిటన్నది తరచూ వచ్చే తగాదా. మొత్తం ఒకేసారి వాడాలని, మిగిలితే అంతేనని కొందరు వర్తకులు చెబుతుంటారు. ఫలితంగా అవసరం లేని జేబురుమాళ్లు, తువ్వాళ్లు కొని లెక్క సరిచేసుకోవలసి వస్తోంది. రిజర్వు బ్యాంకు పరిధిలోని కార్డులో మిగిలిన సొమ్ము కార్డులోనే ఉంటుంది. పైన చెప్పిన వాపసు హక్కు దానికీ వర్తిస్తుంది. సొంత వోచర్‌ అయితే 'ఒకేసారి వాడాలి' అన్న షరతును అమ్మినప్పుడే చెప్పారా లేదా అన్నదే తేల్చాలి. చెప్పకుండా అమ్మి ఉంటే మిగిలిన మొత్తానికి మరో వోచరో, నగదో అడగడంలో తప్పు లేదు.

వస్తుసేవల పన్ను పేరిట వచ్చే సాకు ఒకటుంది. వోచర్‌ అమ్మినప్పుడే పన్ను కట్టేశామని, కాబట్టి సొమ్ము తిరిగి ఇవ్వలేమని కొందరు అంటారు. వోచర్ల లావాదేవీ దానికదిగా వస్తువుల సరఫరా గాని, సేవల సరఫరా గాని కాదని, వాడుకోకుండా మిగిలిపోయిన వోచర్ల మొత్తంపై జీఎస్టీ ఉండదని కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్‌ బోర్డు 2024 డిసెంబరు 31న జారీ చేసిన సర్క్యులర్‌లో వివరించింది. పన్ను పడేది వోచర్‌తో కొన్న సరకుపైనే.

వాపసుకు బదులు కూపన్‌

ఎవరూ కోరి కొనని వోచర్లు కూడా ఉన్నాయి. చిరిగిన చొక్కా తిరిగి ఇస్తే డబ్బుకు బదులు దుకాణం రాసిచ్చే క్రెడిట్‌ నోట్‌ అటువంటిదే. నెల రోజుల్లో మళ్లీ ఇక్కడే కొనాలన్నది దాని సారాంశం. లోపమున్న సరకును బిల్లులో పేర్కొన్న వ్యవధిలో, వ్యవధి పేర్కొనకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడం 2019 చట్టం ప్రకారం అనుచిత వాణిజ్య విధానం. లోపం లేకున్నా రంగు నచ్చలేదని తిరిగిచ్చిన సరకు వేరే సంగతి. అక్కడ దుకాణం ప్రకటించిన విధానమే వర్తిస్తుంది. ఈ తేడా తెలిసిన కొనుగోలుదారు 'క్రెడిట్‌ నోట్‌ వద్దు, సొమ్ము ఇవ్వండి' అని ఎక్కడ గట్టిగా అడగవచ్చో ఇట్టే పోల్చుకుంటాడు.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో క్యాబ్‌ సేవల సంస్థ ఓలా విషయంలో ఇచ్చిన ఆదేశం ఈ సందర్భంలో చెప్పుకోదగినది. ప్రయాణికులు ఫిర్యాదు చేసి వాపసు కోరినప్పుడు, తరువాతి ప్రయాణానికి వాడుకునే కూపన్‌ సంకేతం మాత్రమే ఇస్తున్నారని, బ్యాంకు ఖాతాకు సొమ్ము పొందే స్పష్టమైన అవకాశం ఇవ్వడం లేదని ఆ సంస్థ గుర్తించింది. బ్యాంకు ఖాతాకు కావాలో, కూపన్‌ రూపంలో కావాలో ఎంచుకునే వీలు ప్రయాణికునికే ఉండాలని ఆదేశించింది. కూపన్‌ పుచ్చుకున్నవాడు అదే సంస్థ సేవను మళ్లీ వాడుకోక తప్పదు. వాపసు అన్న మాటకు అర్థమే అక్కడ మారిపోతుంది.

అంతకుముందు కొవిడ్‌ కాలంలో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020లో లాక్‌డౌన్‌ వల్ల విమానాలు నిలిచిపోయినప్పుడు టికెట్ల సొమ్మును విమానయాన సంస్థలు 'క్రెడిట్‌ షెల్‌' పేరుతో తమ వద్దే ఉంచుకున్నాయి. అంటే మళ్లీ తమ విమానమే ఎక్కాలన్న షరతుతో కూడిన వోచర్‌. ప్రవాసీ లీగల్‌ సెల్‌ కేసులో సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పుతో దీనికి ఒక రూపం వచ్చింది. లాక్‌డౌన్‌కు ముందు బుక్‌ చేసుకున్న టికెట్ల సొమ్మును ఆర్థిక ఇబ్బందుల వల్ల 15 రోజుల్లో ఇవ్వలేని సంస్థలు క్రెడిట్‌ షెల్‌ ఇవ్వవచ్చు. దానిని 2021 మార్చి 31 వరకు ఏ మార్గంలోనైనా వాడుకోవచ్చు, మరొకరికి బదిలీ చేయవచ్చు. ఆలస్యానికి ప్రతిఫలంగా విలువ 2020 జూన్‌ 30 వరకు నెలకు అర శాతం, ఆపై 2021 మార్చి 31 వరకు నెలకు ముప్పావు శాతం పెరుగుతుంది. గడువు ముగిసే నాటికి వాడుకోని సొమ్మును ప్రయాణికునికి తిరిగి చెల్లించాలి. వోచర్‌లో ఉన్నది ఇచ్చినవాడి సొమ్మే గాని పుచ్చుకున్న సంస్థది కాదన్న దృష్టి ఈ ఏర్పాటులో కనిపిస్తుంది. ఇది కొవిడ్‌ కాలపు టికెట్లకే పరిమితమైనా, కమిషన్‌ ఎదుట వాదనలో ప్రస్తావించదగిన తీర్పే.

ఐదు వేలకు కొంటే ఐదొందలు ఉచితమంటూ ఇచ్చే ప్రచార కూపన్ల దారి వేరు. వాటికి విడిగా సొమ్ము చెల్లించలేదు కాబట్టి గడువు, షరతులు విధించే స్వేచ్ఛ వర్తకునికి ఎక్కువ. కాని ఇస్తామన్న కానుకను ఇచ్చే ఉద్దేశం లేకుండా ప్రకటించడం, ధరలో కలిపేసి ఉచితమని నమ్మించడం చట్టరీత్యా అనుచితమే.

విదేశీ కార్డులు

అమెరికా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. అమెరికాలో 2009 నాటి కార్డ్‌ చట్టం కింద 2010 ఆగస్టు 22 నుంచి అమలైన నిబంధనల ప్రకారం గిఫ్ట్‌ కార్డులోని సొమ్ము కనీసం ఐదేళ్లు చెల్లాలి. ఏడాది పాటు వాడకపోతే తప్ప వాడకం లేదన్న పేరుతో రుసుము కోయరాదు. ఆస్ట్రేలియాలో 2019 నవంబరు 1 నుంచి మూడేళ్ల కనీస గడువు అమల్లోకి వచ్చింది. ఐర్లండ్‌ అదే ఏడాది ఐదేళ్ల గడువు తెచ్చింది. ఈ దేశాల్లో దుకాణాల సొంత కార్డులకు కూడా గడువు నియమం ఉంది. మన దగ్గర లేనిది సరిగ్గా అదే. అయితే అక్కడ కొన్న కార్డులు చాలావరకు ఆ దేశంలోనే చెల్లుతాయి. ఇక్కడి బంధువులకు పంపేముందు ఆ సంగతి చూసుకోవాలి.

దుకాణం మూతపడితే ఏ చట్టమూ పెద్దగా ఆదుకోలేదనడానికి బ్రిటన్‌ ఉదాహరణ ఉంది. 2013 జనవరిలో సంగీత, వీడియో దుకాణాల సంస్థ హెచ్‌ఎంవీ ఆర్థికంగా కుప్పకూలినప్పుడు తొలుత గిఫ్ట్‌ కార్డులను నిరాకరించింది. క్రిస్మస్‌కు కానుకలుగా అందుకున్నవారి ఆగ్రహంతో కొద్ది రోజులకు మళ్లీ అంగీకరించింది. అందరికీ ఆ అదృష్టం దక్కదు. సంస్థ దివాలా తీస్తే వోచర్‌ ఉన్నవారు సాధారణ రుణదాతల వరుసలో నిలబడాల్సిందే. అందుకే సొంత వోచర్లను ఏళ్ల తరబడి దాచుకోవడం కంటే అందిన పండుగకే వాడుకోవడం మేలు.

మోసగాళ్ల కన్ను

గడువుతో నిమిత్తం లేకుండా కార్డు సొమ్ము ఖాళీ అయ్యే మార్గం ఇంకొకటి ఉంది. 2022లో ఉన్నతాధికారుల ఛాయాచిత్రాలను వాట్సాప్‌లో పెట్టుకుని, 'సమావేశంలో ఉన్నాను, వెంటనే గిఫ్ట్‌ కార్డులు కొని సంకేతాలు పంపు' అంటూ కింది ఉద్యోగులకు సందేశాలు పంపిన మోసాలు వెలుగుచూశాయి. గీకితే కనిపించే ఆ అంకెలు ఎవరికి తెలిస్తే సొమ్ము వారిదే. నగదు చేతులు మారినట్లే అది కూడా చేతులు మారిపోతుంది. ఏ ప్రభుత్వ శాఖ గాని, ఏ బ్యాంకు గాని బకాయిలను గిఫ్ట్‌ కార్డు రూపంలో చెల్లించమని అడగదు. మోసపోయినట్లు గ్రహించిన వెంటనే 1930 నంబరుకు ఫోన్‌ చేయాలి. జారీ చేసిన సంస్థకూ తెలిపి మిగిలిన సొమ్మును నిలిపివేయించాలి. దుకాణంలో కొనేటప్పుడు సంకేతంపై ఉండే పూత చెక్కుచెదరకుండా ఉందో లేదో గమనించాలి.

ఫిర్యాదు ఎక్కడ?

రిజర్వు బ్యాంకు పరిధిలోని కార్డు అయితే తొలుత జారీ చేసిన సంస్థకే ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదులను వీలైతే 48 గంటల్లో, గరిష్ఠంగా 30 రోజుల్లో పరిష్కరించేందుకు ఆ సంస్థ కృషి చేయాలని 2021 ఆదేశాలు చెబుతున్నాయి. 30 రోజులు గడిచినా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆన్‌లైన్‌లో సీఎంఎస్‌ పోర్టల్‌ ద్వారా పంపవచ్చు. రుసుము ఏమీ లేదు.

దుకాణం సొంత వోచర్‌ అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915 తొలి మెట్టు. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. సంస్థకు ఫిర్యాదును చేరవేసి రాజీకి ప్రయత్నిస్తుంది. చిన్న మొత్తాల విషయంలో చాలాసార్లు అదే సరిపోతుంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు వెళ్లాలి. పాత పేరు అలవాటుతో జనం ఇప్పటికీ దీనిని 'ఫోరం' అనే అంటున్నారు. సరకుకు గాని, సేవకు గాని చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలు దీని పరిధిలోకి వస్తాయి. ఐదు లక్షల వరకు ఫిర్యాదు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు.

2019 చట్టం తెచ్చిన ఒక మార్పు జిల్లావాసులకు ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. పాత చట్టం కింద సాధారణంగా ప్రతివాది ఉన్న చోటనో, వివాదం పుట్టిన చోటనో ఫిర్యాదు వేయవలసి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పనిచేసే చోట ఉన్న కమిషన్‌లోనే వేయవచ్చు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ప్రధాన కార్యాలయమున్న కంపెనీ మీద శ్రీకాకుళంలో, నిజామాబాద్‌లో, అనంతపురంలో ఫిర్యాదు నడుస్తుంది. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్‌ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. దుకాణం నిరాకరించిన రోజు నుంచి లెక్కించాలా, గడువు తీరిన రోజు నుంచా అన్న తగవుకు తావివ్వకుండా, గడువు తీరిన తేదీ నుంచే లెక్క వేసుకోవడం క్షేమం. వోచర్‌ రెండు వైపులా తీసిన నకలు, కొన్న రసీదు లేదా బ్యాంకు ఖాతాలో సొమ్ము తగ్గిన వివరం, దుకాణంతో జరిగిన ఈమెయిల్‌ లేదా వాట్సాప్‌ సంభాషణ జతచేయాలి. కౌంటరులో నోటితో నిరాకరిస్తే అదే రోజు ఈమెయిల్‌లో ఆ సంగతి రాసి పంపితే అదే ఆధారమవుతుంది. వేడితో మాసిపోయే యంత్రపు రసీదులను కొన్నరోజే ఫొటో తీసి ఉంచుకోవాలి. ఏడాది తిరిగేసరికి వాటిపై అక్షరం మిగలదు.

సరకును పరీక్షకు పంపనవసరం లేని కేసులను ఎదుటి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకు మించి పట్టడం కమిషన్ల గడప తొక్కినవారికి తెలిసినదే. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి పంపే వీలూ ఉంది. జిల్లా కమిషన్‌ ఉత్తర్వుపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. సొమ్ము చెల్లించాలని ఉత్తర్వు వచ్చిన దుకాణం అప్పీలుకు వెళ్లాలంటే అందులో సగం ముందుగా జమ చేయాలి.